రంగులమ్మ చెయ్యి

మా తోడికోడలి గురించి చెప్పమంటే చెప్తాను గానీ, నెమ్మదిగా చెప్పమంటే నా వల్ల కాదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "అయిపోయిందేదో అయిపోయింది, వదిలెయ్" అంటారు ఇంట్లో. అయిపోయింది ఎవరికి? మాటలన్నవాళ్ళకు అయిపోయింది. పడ్డదాన్ని అడిగితే తెలుస్తుంది అయిందో లేదో. ఆమె ఎలాగూ చెప్పదు కాబట్టి నేను చెప్తున్నాను.

ఇంట్లో ఆమెను చిన్నది అంటాం. నేను పెద్ద కోడల్ని, ఆమె చిన్న కోడలు, అంతే. నేను పనిచేసే బేకరీలో మాత్రం రంగులమ్మ అంటారు. ఎంత కడిగినా గోళ్ళ చివర ఏదో ఒక రంగు మిగిలే ఉంటుంది. ఆ పేరు విని మొదట్లో సిగ్గుపడేది. తరవాత ఫోనెత్తి తనే "రంగులమ్మనండీ" అనడం మొదలుపెట్టింది.

వాళ్ళ నాన్న బోర్డులు రాసేవాడు. దుకాణాల పేర్లు, లారీల వెనక రాతలు, బడి గోడల మీద ఏనుగులూ కుందేళ్ళూ. చిన్నప్పుడు ఈమె నిచ్చెన కింద నిలబడి రంగు డబ్బాలు అందించేదట. ఏ రంగులో ఏది ఎంత కలిపితే ఎండకు వెలిసిపోకుండా ఉంటుందో పుస్తకం చదవకుండానే నేర్చుకుంది. ఆ తరవాత పెద్ద పెద్ద ప్రింటింగు మిషన్లొచ్చి, గంటలో గోడంత ఫ్లెక్సీ తీసి పారేయడం మొదలుపెట్టాక ఆయన కుంచెలు మూలపడ్డాయి. ఆయనా మంచం పట్టాడు. "మా నాన్న కూడు లాక్కున్న మిషన్ చేతే నాకు కూడు పెట్టిస్తాను చూడు అక్కా" అని ఒకసారి నవ్వుతూ అంది. నవ్వుతూ అన్నా ఆ మాటలో పట్టుదల ఉంది, నాకు తెలిసిపోయింది.

నేను బేకరీలో కేకుల మీద క్రీము పూసే పని చేస్తాను. ఒకరోజు బేకరీ ఆవిడ విసుక్కుంటూ కూర్చుంది. పుట్టినరోజు పిల్ల ఫొటో కేకు మీద కావాలని అందరూ అడుగుతున్నారట, ఎక్కడికో పంపి తెప్పిస్తే ముక్కూ మొహం తెలియడం లేదట. ఇంటికొచ్చి చిన్నదానితో అన్నాను. వారం తిరక్కుండా మెట్ల పక్క గది ఊడ్చుకుని, బల్ల వేసుకుని, ఒక మామూలు ఇంటి ప్రింటర్ తెప్పించుకుంది. కొత్తది, మామూలు సిరా ఒక్క చుక్క కూడా ఎరగనిది. అందులో తినే రంగుల సిరా పోసింది. కాగితం బదులు పంచదారతో చేసిన పల్చటి షీట్లు పెట్టింది. ఆ షీటు మీద బొమ్మ అచ్చేసి కేకు మీద పరిస్తే క్రీములో కలిసిపోతుంది, పిల్లలు తమ మొహం తామే కోసుకుని తింటారు.

చెప్తే సులువే. చేస్తే తెలుస్తుంది. జనం పంపే ఫొటోలు ఎలా ఉంటాయనుకున్నారు? చీకట్లో తీసినవి, పిల్ల మొహం కన్నా వెనక నిలబడ్డ బాబాయి మోచెయ్యి పెద్దగా కనపడేవి. వాటిని కత్తిరించి, వెలుతురు పెంచి, షీటులో ఉండే పాలిపోయిన పసుపును లెక్కలోకి తీసుకుని బుగ్గల మీద కొంచెం ఎరుపు ఎక్కువ వేసేది. ఒకావిడ కూతురికి ముందు పళ్ళు రెండూ ఊడాయి, ఫొటోలో పళ్ళు పెట్టి అచ్చెయ్యమంది. చిన్నది ఒప్పుకోలేదు. "పళ్ళు లేని పుట్టినరోజు మళ్ళీ రాదండీ, ఉండనివ్వండి" అంది. ఆ తల్లి అలిగి వెళ్ళి, కేకు చూశాక ఇంకో కేకుకు ఆర్డరిచ్చింది. మా ఇంట్లో చీమలకు కూడా చిన్నదంటే ప్రేమ, ఇల్లంతా వదిలేసి ఆ గది గుమ్మం దగ్గరే కాపురం పెట్టాయి.

ఇక ఆ ప్రింటర్ సంగతి చెప్పాలి. ఇళ్ళల్లో వాడే ఈ సిరా ప్రింటర్లు రెండు రకాలు. ఒక రకంలో సిరా చిమ్మే హెడ్డు సిరా డబ్బాకే అంటుకుని వస్తుంది, డబ్బా మారిస్తే హెడ్డూ మారిపోతుంది. రెండో రకంలో హెడ్డు మిషన్‌లోనే ఉండిపోతుంది, మనం సిరా మాత్రం పోసుకుంటూ పోతాం. చిన్నది వాడేది రెండోది. ఆ హెడ్డు కింద వెంట్రుక కూడా దూరనంత సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలో సిరా ఎండి గడ్డకడితే ఇక అంతే, మిషన్ మొత్తం పారేసుకోవాలి. మామూలు సిరాతో అప్పుడప్పుడూ వాడుకునే ఇంట్లో నాలుగైదేళ్ళు వస్తుందట. తినే సిరాలో తీపీ జిగురూ ఉంటాయి కాబట్టి అంత రాదు. అయినా రోజూ నడుపుతూ ఉంటే రెండేళ్ళకు ఢోకా లేదని ఈ పని చేసే వాళ్ళంతా చెప్పారు.

చిన్నది రోజూ నడిపేది. పొద్దున్నే లేచి మొహం కడుక్కోకముందే నాలుగు రంగుల గీతలు ఒక చిన్న ముక్క మీద అచ్చేసి చూసుకునేది. గీత ఎక్కడా తెగకుండా వస్తే ఆ రోజు ఆమె మొహం చూడాలి. తెగితే టిఫిన్ కూడా తినేది కాదు. దూదితో, గోరువెచ్చటి నీళ్ళతో ఆ హెడ్డును తుడుస్తూ కూర్చునేది. బాలింత బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది. అంత చూసుకున్నా మొదటి మిషన్ ఏడాది తిరక్కుండానే పోయింది. రెండోది ఇంకా తొందరగా పోయింది.

ఎందుకు పోతున్నాయో ఎవరికీ అంతు పట్టలేదు. ఒకరు సిరా మంచిది కాదన్నారు, సిరా మార్చింది. ఒకరు గదిలో వేడి అన్నారు, కిటికీకి తడిగుడ్డ కట్టింది. ఆఖరికి మా మావగారు తేల్చేశారు. భోజనాల దగ్గర, అందరి ముందూ, "కొన్ని చేతులంతే అమ్మాయ్. మిషన్లు అచ్చిరావు" అన్నారు.

ఆ ఒక్క మాట చాలు, మిగతాది లోకం చూసుకుంటుంది. మిక్సీ కాలిపోతే "చిన్నది ముట్టుకుందా?" కుట్టుమిషన్ సూది విరిగితే "రంగులమ్మ గానీ వచ్చిందా ఇటు?" పక్కింటావిడ కొత్త వాషింగ్ మిషన్ కొనుక్కుని మమ్మల్ని పిలిచి చూపిస్తూ, చిన్నది మూత మీద చెయ్యి వెయ్యబోతే "ఆ, చూస్తే చాల్లేమ్మా" అంది. నవ్వుతూనే అంది. నాకు ఆవిడను అందులోనే పడేసి తిప్పాలనిపించింది. వాళ్ళు అనడం ఒక ఎత్తు. చిన్నది నమ్మడం ఇంకో ఎత్తు. బేకరీకి కొత్త ఓవెన్ వచ్చిన రోజు బేకరీ ఆవిడ అందరి చేతా ఒక్కొక్కసారి స్విచ్చి వేయిస్తుంటే, ఇది రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. అంత చక్కగా మొహాలు దిద్దే చేతులు. ఆ రోజు ఇంటికొచ్చి నేను అన్నం తినలేదు.

మా మావగారి గురించి కూడా చెప్పాలి. ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, ఉద్యోగం పోయినా కరెంటు మీద కాపలా పోలేదు. ఎక్కడ ఎర్ర దీపం వెలుగుతున్నా ఆయన కళ్ళకు దొంగ దొరికినట్టే. పూటకు నాలుగుసార్లు ఇల్లంతా తిరిగి, దొరికిన స్విచ్చినల్లా గోడ దగ్గర టక్కున ఆపేస్తారు. ఫోను ఛార్జింగుకు పెట్టి స్నానానికి వెళ్తే, తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఫోను చల్లగా ఉంటుంది. ఒకసారి ఫ్రిజ్ ఆపేశారు. పాలు విరిగితే పాలవాణ్ణి తిట్టారు. అతను అలిగి మా గుమ్మం తొక్కడం మానేశాడు. ఫ్రిజ్ ఆపింది మీరేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పబోతే మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కాడు. మా అత్తగారు పోయాక ఆ ఇంట్లో ఆయనతో ఎదురు మాట్లాడే మనిషే లేదు. చివరికి మాకందరికీ ఏమలవాటైందంటే, ఏదీ ఆపం. టీవీ గానీ, ఫ్యాను గానీ, వేసి వెళ్ళిపోతాం. ఆపడం మావగారి పని.

మా మరిది, అంటే చిన్నదాని మొగుడు, ఇంకా ఘనుడు. మందుల గోడౌన్‌లో పని. ఎవరితోనూ గొడవపడడు. గొంతు పెంచడు. నోట్లో నాలుక లేని మనిషని వీధి వీధంతా మెచ్చుకుంటుంది. పెళ్ళిచూపుల్లో చిన్నదాని తల్లి కూడా అదే చూసి మురిసిపోయిందట. నోట్లో నాలుక లేకపోతే మెచ్చుకోవలసిందేముందో నాకు మొదటినుంచీ అర్థం కాలేదు. నాలుక ఉన్నది మాట్లాడ్డానికేగా.

మూడో ప్రింటర్ కొనేటప్పుడు మావగారు ఖండితంగా చెప్పారు. "ఇదే ఆఖరు. ఇది కూడా పోతే ఆ గది అద్దెకిచ్చేస్తాను. ఇక ఈ బొమ్మల పనీ వద్దు, ఏమీ వద్దు." చిన్నది తలూపింది. మరిదీ తలూపాడు. అతను తలూపడంలో దిట్ట. మొదటి రెండు మిషన్లలాగే మూడోదీ అతనే తెచ్చాడు, షాపు గోడౌన్ దారిలోనే ఉంది. మిషన్లు తేవడం మగవాళ్ళ పనని మా ఇంట్లో ఒక లెక్క. నడిపేది ఆడది, చెడిపోతే మాట పడేది ఆడది, కొనుక్కొచ్చేది మాత్రం మగవాడు.

ఆ మూడోదాన్ని పట్టుకుని చిన్నది ప్రాణం బిగబట్టుకుని బతికింది. అదుంటే గది ఉంటుంది, గది ఉంటే పని ఉంటుంది, పని ఉంటే తనుంటుంది. అంతే దాని లెక్క. స్విచ్చి వేయడానికి కూడా భయపడి నన్ను పిలిచేది. "అక్కా, నువ్వు నొక్కవా, నీ చెయ్యి మంచిది" అనేది. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తరవాత ఒక పొద్దున ఎరుపు గీత మధ్యలో తెగింది. మర్నాడు సగం పోయింది. ఆ తరవాత ఎరుపన్నదే రాలేదు.

అప్పటికే ఒక కేకు బొమ్మ అచ్చవ్వాల్సి ఉంది, ఏడాది నిండిన బాబుది. ఎరుపు లేకుండా ఆ బాబు మొహం ఎలా వచ్చిందనుకున్నారు? నీలంగా, నీళ్ళలోంచి తీసినట్టు. చిన్నది చూసి ఆ షీటును బోర్లా పెట్టేసింది. బేకరీ ఆవిడ మంచిదే, కానీ వ్యాపారం వ్యాపారం. "రంగులమ్మా, ఈ వారంలో బాగుచేయించుకో. లేదంటే మార్కెట్లో ఇలాంటి బొమ్మలే అచ్చేసే అతనికి ఆర్డర్లు ఇవ్వక తప్పదు" అంది. ఇంట్లో మావగారు ఆ సాయంత్రమే గది కొలతలు తీయించారు.

మర్నాడు మరిది మిషన్‌ను సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. షాపులో చూపిస్తానన్నాడు.

"మేమూ వస్తాం" అన్నాను.

"ఎందుకు వదినా, నేను చూపించుకొస్తాగా. మీకు పనులుంటాయి."

"ఏం పనులు? అది పోతే పనే లేదు దీనికి."

"అది కాదు వదినా, ఎండగా ఉంది, మీరెందుకు…"

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. నాకు అప్పుడే తిక్క రేగింది. చిన్నదాన్ని చెప్పులు వేసుకోమని, ఇద్దరం అతని వెంట నడిచాం. దారంతా అతను మాకంటే నాలుగు అడుగులు ముందే ఉన్నాడు.

షాపతను నెరిసిన మీసాల మనిషి, నెమ్మదస్తుడు. మిషన్ మూత ఎత్తి చూశాడు. హెడ్డు పట్టాల మధ్యలో నిలబడి ఉంది. అతను దాన్ని వేలితో కొంచెం కదిపి, మా వైపు కాదు, మా మరిది వైపు చూశాడు.

"మళ్ళీ గోడ దగ్గరే ఆపుతున్నారా సార్?"

మరిది ఖాళీ సంచి మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"గోడ దగ్గర ఆపితే ఏమవుతుంది?" అని నేనే అడిగాను.

"పాడైపోతుందమ్మా. దీని మీద ఉన్న బటన్ నొక్కితే ఈ హెడ్డు పక్కకెళ్ళి, ఇదిగో, ఈ రబ్బరు గిన్నెలో కూర్చుంటుంది. మూత పెట్టినట్టన్నమాట, సిరా ఆరదు. గోడ దగ్గర కరెంటు తీసేస్తే ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది, నోరు తెరుచుకుని. మామూలు సిరాకే ప్రమాదం. మీరు పోసేది తీపిది, ఇంక చెప్పక్కర్లేదు."

"మరి ఈ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా" అన్నాను.

అతను నొచ్చుకున్నాడు. "చెప్పకపోవడమేంటమ్మా? మొదటిది ఇచ్చినప్పుడే సార్‌కి చెప్పాను. రెండోది కొనడానికొచ్చినప్పుడు, ఎలా ఆపుతున్నారని అడిగితే బటన్‌తోనే అన్నారు. నాకు నమ్మకం కుదరక మళ్ళీ చెప్పాను. మూడోసారి బటన్ మీద వేలు పెట్టి మరీ చూపించాను. అంతేనా సార్?"

సార్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అరవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు.

చిన్నది అతన్నే చూస్తోంది. కోపంగా కూడా కాదు. ఎవరో కొత్త మనిషిని ఆనవాలు పడుతున్నట్టు చూస్తోంది. నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. చెయ్యి కాదు. సిరా కాదు. గదిలో వేడి కాదు. ఆమె ఒక షీటు అచ్చేసి ఆరబెట్టుకోవడానికో, బేకరీకి ఇచ్చి రావడానికో వెళ్తే, మావగారు వచ్చి ఎర్ర దీపం చూసి టక్కున ఆపేసేవారు. ఈమె వచ్చి మళ్ళీ వేసుకునేది. రోజుకు ఎన్నిసార్లో. ఈ సంగతి మా మరిదికి మొదటి రోజునుంచీ తెలుసు.

"ఇప్పుడు ఈ హెడ్డు మార్చొచ్చా?" అని చిన్నది అడిగింది. షాపులో ఆమె మాట్లాడింది అదొక్కటే.

"ఈ మోడల్‌కి హెడ్లు రావడం ఆగిపోయిందమ్మా. కంపెనీ వాళ్ళు కొత్త మోడల్ కొనుక్కోమంటారు."

అదొకటి. మిషన్ చేసిన మహానుభావులకూ ఒక దండం పెట్టాలి. ఒక స్విచ్చి దెబ్బకు చచ్చిపోయే సరుకు చేసి, ఆ ముక్క దాని నొసటన ఇంతేసి అక్షరాలతో రాయకుండా, డబ్బా మీద మాత్రం ఎంత బాగా అచ్చవుతుందో చూడండని పువ్వుల బొమ్మలేస్తారు. తల పోతే తల దొరకదట, మొత్తం శరీరం మార్చుకోవాలట. షాపతని మీద కూడా విరుచుకుపడ్డాను. "సార్‌కి చెప్పావు సరే, ఈ మిషన్ సార్ నడుపుతాడా? నడిపే మనిషికి చెప్పాలని తోచలేదా నీకు?" అన్నాను. అతను "నిజమేనమ్మా, కానీ వచ్చింది ఆయనే కదా" అన్నాడు. అదీ నిజమే. అందుకే ఇంకా మండింది.

ఇంటికెళ్ళేసరికి మావగారు వసారాలో పేపరు చదువుకుంటున్నారు. నేను చెప్పులు కూడా విప్పలేదు. కాలు తొక్కడానికి మా ఆయన ఊళ్ళో లేడు. ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేశాను. ఫ్రిజ్ సంగతి కూడా చెప్పేశాను.

ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. మావగారు పేపరు మడిచి పక్కన పెట్టి, కొడుకు వైపు తిరిగారు.

"ఏరా, నీకు ముందే తెలుసా?"

బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

"నిన్నేరా."

"తెలుసు నాన్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు కోప్పడతారని."

మావగారు కాసేపు అతన్ని ఎగాదిగా చూశారు. "కోప్పడతాను. నాలుగు తిట్లు తిడతాను. అయితే ఏమైంది? ఇన్నేళ్ళు కరెంటాఫీసులో చేశాను, ఇది ముట్టుకోవద్దు అని చెప్తే ఏనాడైనా ముట్టుకున్నానా? ముట్టుకుని ఉంటే ఈ పాటికి బూడిదై ఉండేవాణ్ణి. ఇంట్లో ఒక్క స్విచ్చి వదిలెయ్యండి నాన్నా అంటే వదలనా?"

నిజంగా వదిలేసేవారు. అదే నేను ఓర్చుకోలేకపోయింది. ఆయన గొంతు వింటుంటే తెలిసిపోయింది, ఒక పూట గొణిగి వదిలేసేవారు. నిమిషం పట్టని మాట. ఆ మాటకు భయపడి ఈ మనిషి మూడు మిషన్లను చంపాడు, పెళ్ళానికి పాడుచెయ్యి అని పేరు తెచ్చాడు, ఆ పేరు వీధంతా పాకుతుంటే తలదించుకుని తిరిగాడు.

"ఇప్పుడేం చెయ్యమంటావు వదినా" అన్నాడు మెల్లగా. "తప్పయింది. ఇంకో మిషన్ కొంటాను."

"మిషన్ ఎవడడిగాడయ్యా నిన్ను?" అన్నాను. "ఇదే వసారాలో, ఇదే బల్ల దగ్గర, అందరూ కలిసి దాని చెయ్యి అచ్చిరాదంటుంటే దాని పక్కన కూర్చుని అన్నం తిన్నావు. అదే చేత్తో అది వడ్డిస్తే తిన్నావు. ఎలా దిగింది గొంతు?"

మావగారి వైపు తిరిగాను. "ఆ మాట మొదలుపెట్టింది మీరు. వెనక్కి తీసుకోండి" అన్నాను. "మిషన్లు పోతుంటే అన్నాను, నాకేం తెలుసు" అని గొణిగారు. తరవాత మళ్ళీ పేపరు తీసి, అందులోకి చూస్తూనే "తప్పేలే" అన్నారు. ఆయన నోటినుంచి అంతకన్నా రాదు. అది కూడా వినవలసిన మనిషి అక్కడ లేదు.

చిన్నది గదిలో ఉంది. నేల మీద కూర్చుని, మిగిలిన పంచదార షీట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కవర్లో పెడుతోంది. నేను పక్కన కూర్చున్నాను. ఏడుస్తుందనుకుని కొంగు సర్దుకున్నాను కూడా. ఏడవలేదు.

"అక్కా" అంది. "రెండోది పోయినప్పుడు, ఈయన నాతో పాటు కూర్చుని తుడిచారు గుర్తుందా? గోరువెచ్చటి నీళ్ళు తనే కాచి తెచ్చారు. దూది తనే చుట్టి ఇచ్చారు. నేను ఏడుస్తుంటే వీపు మీద చెయ్యేసి, ఏం చేస్తాంలే అన్నారు."

సర్దుకున్న కొంగు వదిలేసి, ఆమెకు షీట్లు అందించడం మొదలుపెట్టాను.

మర్నాడు చిన్నది బేకరీ ఆవిడ దగ్గరికెళ్ళి, పిండి బస్తాలుండే వెనక గదిలో ఒక మూల అడిగింది. ఆవిడ ఒప్పుకుంది. కొత్త ప్రింటర్ తనే వెళ్ళి తెచ్చుకుంది, నేను తోడు వెళ్ళాను. షాపతను ఈసారి ఆమెకే అన్నీ విప్పి చూపించాడు. ఆమె మళ్ళీ మళ్ళీ అడిగి, అతను విసుక్కునేదాకా అడిగి తెలుసుకుంది. ఇక్కడ మెట్ల పక్క గది అద్దెకు పోయింది. కాపురం మాత్రం ఇక్కడే. పొద్దున్నే వంటలో నాకు సాయం చేసి వెళ్తుంది, సాయంత్రం వస్తుంది, అందరికీ వడ్డిస్తుంది. మొగుడితో కావలసినంతే మాట్లాడుతుంది. ఉప్పు కావాలా, అన్నం పెట్టనా, తలుపు వేశారా, అంతే. వీధిలో వాళ్ళు "పోన్లే, గొడవేమీ లేకుండా సర్దుకుపోయారు" అంటారు. వాళ్ళకేం తెలుసు.

తమాషా ఏమిటంటే, మా మరిదికి ఇప్పుడు నోరొచ్చింది. తండ్రి స్విచ్చి దగ్గరికి వెళ్తే చాలు, "నాన్నా, ముట్టుకోకండి, అడిగి ఆపండి" అంటాడు. టీవీకీ అంటాడు, ఫ్యానుకీ అంటాడు. పాపం ఆ ముసలాయన వెనక్కి తగ్గుతారు కూడా. వింటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చెప్పాల్సిన ఒక్క మిషన్ ఇంట్లోంచి వెళ్ళిపోయాక దేనికయ్యా ఈ నోరు?

మొన్నామధ్య అతను బేకరీకి వచ్చాడు. నేను ముందు గదిలో క్రీము కలుపుతున్నాను, తలుపు తీసే ఉంది, అంతా వినపడుతోంది. చిన్నది ఎవరిదో పెళ్ళినాటి పాత ఫొటోలో చీర రంగు సరిచేస్తోంది. అతను బస్తాల పక్కన చాలాసేపు నిలబడ్డాడు.

"ఏడాది దాటిపోయిందిగా, బాగా నడుస్తోందా?" అన్నాడు.

"ఊఁ."

"అద్దెకున్నవాళ్ళు వచ్చే నెల ఖాళీ చేస్తున్నారు. మిషన్ ఇంటికి తెచ్చేసుకో. రోజూ ఈ తిరుగుడెందుకు? ఇప్పుడు నాన్న ముట్టుకోరు. నేను గట్టిగా చెప్పాను."

చిన్నది తల ఎత్తలేదు. చీర అంచు మీద ఎరుపు కొంచెం పెంచింది. పెంచి, సరిపోయిందో లేదో చూసుకుని, అప్పుడు అంది.

"మావయ్యగారు ముట్టుకుంటారని కాదండీ నేను తెచ్చుకోనిది. ముట్టుకుంటే మీరు నాకు చెప్పరని."